యాభై దాటాక పని వెతుక్కోవడం గురించి

అందరికీ నమస్కారం.

నన్ను ఇక్కడికి పిలిచినవాళ్లు "ఈ వయసులో ఉద్యోగం ఎలా సంపాదించుకోవాలో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. తప్పకుండా చెప్తాను. ముందుగా ఒక సోమవారం పొద్దున గురించి చెప్పాలి. మీలో చాలామందికి అలాంటి సోమవారం ఒకటి ఉండే ఉంటుంది.

నేను 27 ఏళ్లు యంత్రభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్‌ పని చేశాను. లేత్ మీదా, గ్రైండింగ్ మిషన్ మీదా తయారై వచ్చిన ముక్కను కొలవడం, కొలత సరిపోతే ముందుకు పంపడం, సరిపోకపోతే పక్కన పెట్టడం. నాకు 54 ఏళ్లప్పుడు మా విభాగాన్ని ఎత్తేశారు. శుక్రవారం సాయంత్రం చేతిలో కాగితం పెట్టారు. సోమవారం ఎప్పట్లాగే ఐదింటికి మెలకువ వచ్చింది. స్నానం చేశాను, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాను, గుమ్మం పక్కన మేకుకి వేలాడే ఐడీ కార్డు కోసం చెయ్యి చాచాను. మేకు ఖాళీగా ఉంది. కార్డు శుక్రవారమే గేటు దగ్గర ఇచ్చేసి వచ్చాను కదా! చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ నిమిషంలో నాకు జీతం గుర్తు రాలేదండీ. ఇవాళ నా కోసం ఎక్కడా ఎవరూ ఎదురు చూడటం లేదు అన్న ఒక్క ఆలోచనే వచ్చింది.

చాలా రోజులు నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. డబ్బు సంగతి ఎలాగోలా చూసుకోవచ్చు, మరి ఇంత దిగులెందుకు? దానికి జవాబు నాకు ఒక పాత అధ్యయనంలో దొరికింది. 1930ల మొదట్లో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే చిన్న ఊళ్లో బట్టల మిల్లు మూతపడింది. ఊరంతా ఆ ఒక్క మిల్లు మీదే బతికేది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు ఆ ఊరికి వెళ్లి, పని పోయిన మనుషులకు ఏమవుతుందో దగ్గరుండి చూశారు. 1933లో పుస్తకం వేశారు. వాళ్లు ఏం చేశారో తెలుసా? జనం కంట పడకుండా నిలబడి, వీధిలో నడిచేవాళ్ల వేగం లెక్కపెట్టారు. మగవాళ్లు మెల్లగా నడుస్తున్నారు, మాటిమాటికీ ఆగిపోతున్నారు. ఆడవాళ్లకు ఇంటి చాకిరీ ఎక్కడికీ పోలేదు కాబట్టి వాళ్ల నడక వేగంగానే ఉంది. చాలామంది మగవాళ్లు వాచీ పెట్టుకోవడం మానేశారు. ఇంకో విషయం నన్ను కదిలించేసింది. ఆ ఊళ్లో కార్మికుల లైబ్రరీ ఉంది. ఇప్పుడు చదవడానికి కావలసినంత తీరిక. అయినా పుస్తకాలు తీసుకువెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు ఏడుపు వచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. ఎందుకంటే నేను కూడా ఆ రోజుల్లో పేపరు ముందు పెట్టుకుని, మొదటి పేజీ కూడా చదవలేక, మధ్యాహ్నం దాకా కూర్చునేవాణ్ణి. యహోదా ఆ తర్వాత చాలా ఏళ్లు దీని గురించే ఆలోచించారు. ఉద్యోగం జీతంతో పాటు మనకు తెలియకుండానే మరో ఐదు ఇస్తుందని ఆవిడ తేల్చారు: రోజుకి ఒక వరస, ఇంటి బయట మనుషులతో కలవడం, నలుగురితో కలిసి ఒక లక్ష్యం కోసం పాటుపడటం, ఫలానా అని చెప్పుకోవడానికి ఒక గుర్తింపు, చేతినిండా పని. ఉద్యోగం పోయిన రోజున ఈ ఐదూ ఒకేసారి పోతాయి. అందుకే ఆ దిగులు. అది మీ బలహీనత కాదండీ.

కాబట్టి నేను మీకు చెప్పే మొదటి సంగతి రెజ్యూమే గురించి కాదు. వాచీ పెట్టుకోండి. పొద్దున ఫలానా టైముకి లేస్తాను, ఫలానా టైము దాకా పని వెతుకుతాను, తర్వాత ఆపేస్తాను అని పెట్టుకోండి. నా అనుభవంలో రోజుకి మూడు గంటలకు మించి వెతకడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ తర్వాత చేసేది వెతకడం కాదు, ఫోను పట్టుకుని టెన్షన్ పడటం.

రెండో సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు దారి దొరికింది అక్కడే.

1994లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. అది చేసినవాళ్లలో ఒకరు జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఉద్యోగం పోయిన 63 మందిని తీసుకున్నారు. చాలా ఏళ్లు ఒకే చోట పనిచేసిన వృత్తి నిపుణులు వాళ్లు. కొందరిని ఉద్యోగం పోవడం గురించి తమ మనసులో ఉన్నదంతా రాయమన్నారు, రోజుకి 20 నిమిషాలు, ఐదు రోజులు. ఇంకొందరిని ఆ రోజు ఏం చేయబోతున్నారో, ఉద్యోగం కోసం ఏ పనులు పెట్టుకున్నారో రాయమన్నారు. మిగతావాళ్లను ఏమీ రాయమనలేదు. మనసు విప్పి రాసినవాళ్లకు మిగతావాళ్లకంటే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. అలాగని వాళ్లు ఎక్కువ అప్లికేషన్లు పెట్టారా అంటే అదీ లేదు. కడుపులో కోపం పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్తే, మనం నోరు విప్పకపోయినా అది అవతలివాళ్లకు కనిపిస్తుంది. రాసినవాళ్లకు ఆ బరువు కాస్త దిగి ఉంటుందని పరిశోధకులు అనుకున్నారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

నేనూ ఒక నోటుబుక్కు తీసుకున్నాను. మొదటి మూడు రోజులూ కోపమే. ఎవరు ఏమన్నారు, ఎవరు ముఖం చాటేశారు, అన్నీ రాశాను. నాలుగో రోజు పెన్ను పట్టుకుని కూర్చుంటే, ఎక్కడి నుంచి వచ్చాడో, ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. ఎప్పుడో పదేళ్ల కిందట కొత్తగా చేరినవాడు. పేరు చెప్పను. అతను కొలిచిన ముక్కలు రోజూ తప్పుగా తేలేవి. సూపర్‌వైజరు అరిచేవాడు. ఒకరోజు షిఫ్టు అయ్యాక నేను ఉండిపోయి అతని పక్కన నిలబడ్డాను.

"ఏదీ, ఒకసారి నా ముందు కొలువు బాబూ" అన్నాను.

అతను మైక్రోమీటరు తీసుకుని, ముక్కను రెండు మొనల మధ్య పెట్టి, తిప్పే గొట్టాన్ని గట్టిగా పట్టుకుని బిగించాడు. నట్టు బిగించినట్టు. నాకు విషయం అర్థమైపోయింది. మైక్రోమీటరు చివర రాచెట్ అని చిన్న పిడి ఉంటుంది. కొలిచేటప్పుడు దాన్ని పట్టుకునే తిప్పాలి. మొన ముక్కను తాకగానే అది టిక్, టిక్, టిక్ అని జారుతుంది. ఇక బిగించకు అని అదే చెప్తుంది. గొట్టం పట్టుకుని బిగిస్తే, మిల్లీమీటరులో నూరో వంతు చూపించే పరికరం కూడా అబద్ధమే చెప్తుంది. అతని వేళ్ల మీద నా వేళ్లు పెట్టి రాచెట్ తిప్పించాను. "విన్నావా?" అంటే తలూపాడు. "ఇంకో సంగతి. ఇప్పుడే మిషన్ మీంచి దింపిన ముక్కను వెంటనే కొలవకు. వేడి మీద ఉంటుంది, సాగి ఉంటుంది. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. చేత్తో అదే పనిగా పట్టుకున్నా మారుతుంది" అన్నాను. అతను ఆ ముక్కను బల్ల మీద ఎంత జాగ్రత్తగా పెట్టాడో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మరో పది ముక్కలు కొలిచాడు. పదీ సరిపోయాయి. ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి రాత్రి తొమ్మిదయింది, నాకు అలుపే తెలియలేదు.

నోటుబుక్కులో ఇదంతా రాశాక ఆగిపోయాను. 27 ఏళ్లలో నేను లక్షల ముక్కలు కొలిచి ఉంటాను. ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నది ఈ సాయంత్రం. ఇలాంటివే ఇంకో ఏడెనిమిది సాయంత్రాలు. అందులో ఏ ఒక్కటీ నా డ్యూటీ కాదు. ఎవరూ చెయ్యమనలేదు, ఓవర్‌టైమూ ఇవ్వలేదు.

ఏమీ వెతకకుండానే, ఇకముందు ఏం పని చెయ్యాలో నాకు అక్కడ తెలిసిపోయింది.

ఏమీ చెప్పకపోయినా మనం చేసిన పనులు చాలా విషయాలు చెప్తాయి. ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అని ఇద్దరు పరిశోధకులు ఆసుపత్రిలో శుభ్రం చేసేవాళ్లతో మాట్లాడారు. 2001లో దాని మీద వ్యాసం రాశారు. ఒకే ఆసుపత్రి, ఒకే రకం చాకిరీ. కొందరు "తుడవడం, కడగడం, అంతే" అన్నారు. కొందరు మాత్రం రోగులతో మాట్లాడతారు, వచ్చిన బంధువులకు దారి చూపిస్తారు, తమ పని కూడా రోగి కోలుకోవడంలో ఒక భాగం అనుకుంటారు. పనిలో అర్థం అంటే పెద్ద హోదా, గొప్ప సంస్థ అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మీరు అడగకుండా చేసిన పనులు ఏవో చూసుకోండి. అవి మీ పాత ఆఫీసు కాగితాల్లో ఎక్కడా ఉండవు. మీరే రాసుకోవాలి.

ఇప్పుడు చేదు సంగతి కూడా చెప్పుకుందాం, దాచడం నాకు ఇష్టం లేదు.

వయసు చూసి పక్కన పెట్టడం ఉంది. అది మన అనుమానం కాదు. 1969లో రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు దానికి 'ఏజిజం' అని పేరు పెట్టాడు. అంతకు రెండేళ్ల ముందు, 1967లోనే, అమెరికాలో 40 దాటినవాళ్లను వయసు కారణంగా ఉద్యోగంలో తక్కువ చూడకూడదని చట్టం వచ్చింది. అయినా 2019లో అచ్చయిన ఒక పెద్ద ప్రయోగంలో ఏం తేలిందో చూడండి. పరిశోధకులు అక్కడి ఖాళీలకు 40,000కు పైగా అప్లికేషన్లు పంపారు. అర్హతలు పోల్చదగినవే, తేడా వయసులో. పెద్ద వయసువాళ్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. అందులోనూ పెద్ద వయసు ఆడవాళ్లకు మరీ తక్కువ. ఇక్కడ కూర్చున్న అక్కయ్యలు, చెల్లెళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీకు జవాబు రాకపోతే అది మీ చేతకానితనం అనుకోవద్దు. మీరు ఎక్కే మెట్లు నిజంగానే ఎత్తుగా ఉన్నాయి.

పోనీ ఆ రిటైర్మెంటు వయసు ఏమైనా శరీర శాస్త్రం చూసి పెట్టారా? 1889లో జర్మనీలో ప్రభుత్వాధినేత బిస్మార్క్ హయాంలో తెచ్చిన వృద్ధాప్య పెన్షను 70 ఏళ్లకు. దాన్ని 1916లో 65కి దించారు. అప్పటి ప్రభుత్వం తన లెక్కలు చూసుకుని పెట్టుకున్న అంకెలు ఇవి. ఇంకా మీ చేతులు ఎంతకాలం పనిచేస్తాయో అందులో లేదు.

ఇంటర్వ్యూల గురించి. "మీరు ఈ ఉద్యోగానికి ఎక్కువండీ, మీ అనుభవానికి ఇది చిన్నది" అంటారు. వినడానికి పొగడ్తలా ఉంటుంది, గుండెల్లో గుచ్చుకుంటుంది. ఆ మాట వెనక మూడు భయాలున్నాయి. ఇంకో మంచిది దొరికితే వెళ్లిపోతాడేమో. ఎక్కువ జీతం అడుగుతాడేమో. వయసులో చిన్నవాడైన మేనేజరు చెప్తే వినడేమో. ఈ మూడింటికీ వాళ్లు అడగకముందే మీరు జవాబు చెప్పండి. నేను ఇలా చెప్పాను: "నాకు ఈ పనే కావాలి, ఎందుకో రెండు నిమిషాల్లో చెప్తాను. జీతం ఈ ఉద్యోగానికి మీరు ఎంత అనుకున్నారో అందులోనే మాట్లాడుకుందాం. మీకంటే నేను పెద్దవాణ్ణే, మీరు చెప్పినట్టు చెయ్యడానికి నాకు ఇబ్బంది లేదు. ఆఖరి నాలుగేళ్లూ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడి కిందే పనిచేశాను." అవతలి అబ్బాయి భుజాలు దిగడం నా కళ్లారా చూశాను. ఆ రోజుదాకా టెన్షన్ నాకొక్కడికే అనుకున్నాను.

రెజ్యూమే సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు పేజీలు చాలు. చివరి పది, పదిహేనేళ్లు వివరంగా రాసి, అంతకు ముందుది ఒక్క లైనులో పెట్టండి. "30 ఏళ్ల అనుభవం" అని మొదటి లైనులో రాయకండి, మీరు ఉండటం వల్ల అక్కడ ఏం మారిందో రాయండి. చాలా కంపెనీల్లో ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది, కాబట్టి వాళ్ల ప్రకటనలో ఉన్న మాటలు మీకు నిజంగా వర్తిస్తే అవే మాటలు వాడండి. వయసు గురించి అబద్ధం మాత్రం వద్దు. పాతదాన్ని కుదించడం వేరు, తేదీ మార్చడం వేరు.

నాకు పని మాత్రం రెజ్యూమే వల్ల రాలేదు. ఇదీ చెప్పాలి.

1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారని అడిగాడు. తరచుగా కలుస్తాం అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవం అన్నవాళ్లు 27.8 శాతం. ఆలోచిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గరివాళ్లకు తెలిసిన కబుర్లు మనకీ తెలుసు. ఎప్పుడో కలిసే మనిషి వేరే లోకంలో తిరుగుతుంటాడు, అక్కడి కబురు ఆయన దగ్గరే ఉంటుంది. మన వయసు వాళ్లకు ఇలాంటి ముఖపరిచయాలు కుర్రవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఫోను చెయ్యడానికి మనకే నామోషీ.

నేను మూడు రోజులు ఒక నంబరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏడాదికోసారి మా పరికరాలు సరిచూడటానికి వచ్చే ఆయన నంబరు అది. మొత్తం మీద ఆయనతో ఓ ఇరవై గంటలు మాట్లాడి ఉంటానేమో. చివరికి చేశాను. "ఎక్కడైనా ఉద్యోగం ఉంటే చూడండి" అనలేదు. అలా అడిగితే అవతలివాళ్లు "తప్పకుండా" అంటారు, వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు, తర్వాత మన ఫోను ఎత్తడానికి మొహమాటపడతారు. నేను అడిగింది వేరు. "మీరు తిరిగే చోట్ల కొత్త కుర్రవాళ్లకు కొలవడం ఎవరు నేర్పిస్తున్నారండీ?" ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎవరూ లేరు సార్. అదే అన్నిచోట్లా గొడవ" అన్నారు. పదకొండు రోజులకు ఒక శిక్షణ కేంద్రం వాళ్లు పిలిచారు.

అక్కడ నాకు నేర్పింది 24 ఏళ్ల అమ్మాయి. కంప్యూటరుతో నడిచే కొలత యంత్రం నేను దూరం నుంచి చూడటమే గాని ఎప్పుడూ ముట్టుకోలేదు. "నువ్వు చెప్పమ్మా, నేను రాసుకుంటాను" అన్నాను. "మీరు కింద కూర్చుని రాసుకుంటే నాకేదోలా ఉంది సార్" అంది. "నాకేం లేదమ్మా, చెప్పు" అన్నాను. నెల పట్టింది. కొత్త విషయాన్ని చటుక్కున పట్టుకునే చురుకు వేరు, ఏళ్ల తరబడి పోగుపడిన తెలివి వేరు అని రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విడదీసి చెప్పాడు. మొదటిది వయసుతో తగ్గుతుంది, రెండోది చాలాకాలం నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. మెనూలో ఏ బటన్ ఎక్కడుందో నాకు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. స్క్రీన్ మీద వచ్చిన అంకె చూసి "ఇది తప్పు, ముక్క సరిగా బిగించలేదు" అని మాత్రం ఆ అమ్మాయి కంటే ముందే చెప్పగలిగాను. ఆ తర్వాత ఇద్దరం ఒకరికొకరం నేర్పుకున్నాం.

డబ్బు గురించి మాట్లాడకపోతే ఇదంతా మోసమవుతుంది. అప్పులున్నవాళ్లు, పిల్లల చదువులున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. మీకు ముందు దొరికిన పనిలో చేరండి. అర్థం కోసం ఇంట్లోవాళ్లను ఇబ్బంది పెట్టాల్సిన పని లేదు. దొరికిన పనిలోనే వారానికి ఓ రెండు గంటలు మీకు నచ్చినదానికి చోటు చేసుకోండి, ఆ ఆసుపత్రివాళ్లలాగా. నాకు ఇప్పుడు వచ్చేది పాత జీతంలో సగం కంటే కొంచెం ఎక్కువ. నా లెక్కలు సరిపోయాయి కాబట్టి ఒప్పుకున్నాను. రోజంతా చెయ్యలేనివాళ్లు సిగ్గుపడొద్దు. జపాన్‌లో 1975 నుంచి పెద్దవాళ్లకు చిన్న చిన్న పనులు, కొద్ది గంటల పనులు ఇప్పించే కేంద్రాలు నడుస్తున్నాయి. టోక్యోలో మొదలై దేశమంతా పాకాయి. పని అంటే పొద్దున తొమ్మిది నుంచి ఆరు దాకానే అని ఎవరూ శాసనం రాయలేదు.

మీ అనుభవాన్ని ఊరికే అడిగేవాళ్లు వస్తారు. "మీకేం సార్, టైముంది కదా, మా పిల్లలకు వారానికి నాలుగు రోజులు చెప్పండి" అంటారు. సేవ చెయ్యాలని మీకు ఉంటే చెయ్యండి, మంచిదే. కానీ డబ్బు సంపాదించుకునే సంస్థ మీ చేత ఊరికే పని చేయించుకుంటుంటే, అది మీ పక్కన కూర్చున్న మనిషికి రావలసిన ఉద్యోగం. ఈ మాట నేను కాస్త గట్టిగానే అంటాను.

ఇక కబుర్లు ఆపి పని చేద్దాం. మీ కుర్చీల మీద తెల్ల కాగితాలు పెట్టారు. పెన్ను లేనివాళ్లు చెయ్యి ఎత్తండి, ఇస్తారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరూ అడగకుండా మీరు చేసిన పని ఒకటి రాయండి. హోదాలు వద్దు, అవార్డులు వద్దు. ఏ రోజు, ఎవరి పక్కన, మీ చేతులు ఏం చేశాయి, అది రాయండి. 20 నిమిషాలు. వెనక వరుసలో అమ్మా, మీరు రాయడం కష్టమైతే పక్కనున్న అబ్బాయికి చెప్పండి, రాస్తాడు. నేనూ మీతో పాటు ఇక్కడే కూర్చుంటాను. అయ్యాక ఒక్కొక్కరం చదువుకుందాం. వినేవాళ్లు మధ్యలో ఏమీ అనొద్దు. చదవడం అయ్యాక మాత్రం, ఆ పని ఎవరికి కావాలో మీకు తెలిసిన పేరు ఏదైనా ఉంటే చెప్పండి.